గది కొలతల విషయమై అమ్మాయికి

కాకినాడ, ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి సుభద్రకు,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది. మొన్నటి గాలివానకు పెరట్లో మునగ చెట్టు విరిగి శేషయ్యగారి గోడ మీద పడింది. ఆయన ఏమీ అనలేదు గాని, ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

రత్నం పిన్ని ఎవరిదో పెళ్ళికని వచ్చి మీ ఇంట్లో ఒక పూట ఉన్నదట. మీరు పడకగదికి అడ్డంగా గోడ పెట్టించి రెండు చేయించబోతున్నారని, పనివాడు కొలతలు తీసుకొని వెళ్ళాడని చెప్పింది. ఏ పడకగది అని మీ అమ్మ అడిగితే, "ఏదో గదిలే అక్కా" అని మాట మార్చిందట. ఫోనులో అడుగుదామంటే కుక్కరు కూస్తోందని పెట్టేస్తావు, ఈ మధ్య అసలు ఎత్తడమే లేదు, అందుకని ఉత్తరం వ్రాస్తున్నాను. నాకు కావలసింది పని వివరాలు మాత్రమే.

పిల్లల గదే అయి ఉంటుందని మొదట అనుకొన్నాను. చిన్ని పదో తరగతికి వచ్చింది, తమ్ముడు మంచం మీద నుంచి మంచం మీదికి దూకుతూ దానిని చదవనివ్వడు, కనుక ఆడపిల్లకు విడిగా చోటు కావాలనడం న్యాయమే. అయితే మీ ఫ్లాటు గృహప్రవేశం నాడు నేను టేపు పెట్టి కొలిచి డైరీలో వ్రాసుకొన్న లెక్క తీసి చూస్తే, పిల్లల గది 11 అడుగులకు 10 అడుగులే ఉంది. దానిని చీలిస్తే ఒక్కొక్క భాగానికి 55 చదరపు అడుగులైనా మిగలదు. మంచం వేస్తే బల్ల పట్టదు, బల్ల వేస్తే తలుపు తెరుచుకోదు. పని తెలిసినవాడెవడూ ఆ గదిలో గోడ కడతానని ఒప్పుకోడు. ఇక ఇంట్లో మిగిలింది 14కు 12 గది ఒక్కటే. అది మీ ఇద్దరిదీ.

అదే అయితే, అదేనని నేను అనడం లేదు, ఆ గది సంగతి కూడా చెబుతాను. 14 అడుగుల పొడవును మధ్యకు చీల్చి, పూతతో కలిపి గోడకు 5 అంగుళాలు పోనిస్తే, చెరొక వైపు 6 అడుగుల 9½ అంగుళాల వెడల్పు వస్తుంది. ఇంట్లో ఒక గది 9.5 చదరపు మీటర్లుంటే రెండవది 7.5 ఉన్నా చాలునని, వెడల్పు మాత్రం 2.1 మీటర్లకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మీకు వైశాల్యం బొటాబొటిగా సరిపోతుంది గాని, వెడల్పు అంగుళం పైచిలుకు తక్కువ పడుతుంది. గాలికీ వెలుతురుకూ వదిలే మేర, మా కాకినాడ వంటి ఉక్కపోత చోట్ల నేల వైశాల్యంలో ఆరోవంతు, పొడి వేడి ఉన్న చోట్ల పదోవంతు ఉండాలి. మీ గదికి పడమర కిటికీ ఒక్కటే, స్నానాలగదికి ఉత్తరం వైపు తలుపు ఒక్కటే. గోడ లేస్తే కిటికీ సగమవుతుంది, స్నానాలగది ఒకరి వైపే పోతుంది. రెండవవారు అర్ధరాత్రి హాలులో నుంచి తిరిగి రావాలి. ఆ రెండవవారు ఎవరని నిర్ణయించుకొన్నారో నాకు తెలియదు.

మండపేట ఇంట్లో నడిమిగది నీకు గుర్తుండాలి. చేల గట్టు మీద మొదలైన పట్టింపు ఇంట్లోకి వచ్చి, మా నాన్నగారికీ పెదనాన్నగారికీ మాటలు లేకపోయిన రోజులలో దానికి అడ్డంగా ఒంటి ఇటుక గోడ లేపారు. కిటికీ ఎవరి వైపు వదలాలని మేస్త్రీ అడిగితే ఇద్దరూ జవాబు చెప్పలేదు కనుక, అతడు గోడను సరిగ్గా నడిమి కమ్మీకి ఆనించి కట్టి చెరొక రెక్కా పంచిపెట్టాడు. పైన దూలం కింద మూరెడు సందు మిగిలింది. గదికి ఉన్న ఒకే ఒక బల్బును ఆ సందులో వేలాడదీశారు, స్విచ్చి మా వైపు పడింది. రోజూ రాత్రి మా అమ్మ పడుకోబోయే ముందు "అక్కయ్యా, ఆర్పమంటారా?" అని అడిగేది. పెద్దమ్మ అటు నుంచి, వత్తులు ఇంకా పది చేయాలి, ఉండమనేది. ఆ పది వత్తులూ అయ్యేలోగా చూడి గేదె సంగతి, మినుముల ధర, కొత్త కోడలికి పెట్టవలసిన చీర, అన్నీ గోడ మీదుగా అటూ ఇటూ నడిచేవి. కొన్నాళ్ళకు పెదనాన్నగారే "ఒరేయ్, ఎక్కాలు అయ్యాయా, దీపం కళ్ళలో పడుతోంది" అని నన్ను కేకవేయసాగారు. నేను కావాలని ఎక్కాలు నెమ్మదిగా చదివేవాణ్ణి. చివరకు బాబాయి పెళ్ళికి చుట్టాలు పడుకోవడానికి చోటు చాలక ఆ గోడ కొట్టించి, ఇటుకలు గొడ్లసావిడికి వేశారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అడ్డం పెట్టకముందే వైరింగు ఆలోచించుకోవాలి. రెండు వైపులా విడిగా స్విచ్చులు, ఫ్యాను పాయింట్లు కావాలి. ఒక్క ఏసీ రెంటికీ చల్లదనం ఇవ్వదు.

ఇటుక గోడ మాత్రం వద్దు. 12 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు గల 4½ అంగుళాల గోడ రెండు టన్నులు దాటుతుంది. కింద బీము లేకుండా మూడవ అంతస్తు స్లాబు మీద అంత బరువు మోపడం తెలివితక్కువ. ఇనుప చట్రానికి రెండు వైపులా జిప్సం బోర్డు కొడితే అందులో దాదాపు పదోవంతుతో పోతుంది. కాని మధ్యలో చప్పుడు ఆపే రాతి ఉన్ని (రాక్‌వూల్) నింపకపోతే అటు నిట్టూరిస్తే ఇటు వినబడుతుంది.

పిల్లల కోసమైతే గోడే అవసరం లేదు. రెండు అల్మారాలను వీపుకు వీపు ఆనించి, కిటికీకి మూడడుగులు ఎడంగా నిలిపితే, చిన్నికి ఒక మూల దొరుకుతుంది. వాడికి రెండంతస్తుల మంచం చేయించు, పైకెక్కి దూకమను.

అల్లుడుగారికి అమెరికావాళ్ళ వేళలు ఉండి పగలు పడుకోవలసి వస్తే, కిటికీకి మందపాటి తెర వేయండి. గురక బాధ అయితే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాలి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తూంటే అది నిర్లక్ష్యం చేయదగినది కాదు. ఈ రెండూ కాకపోతే, మూడవది నేను వ్రాయను. నీకు కోపం వస్తే మూడు రోజులు మాట్లాడకపోవడం చిన్నప్పటి నుంచీ ఉన్నదే, అది మీ అమ్మ పోలిక. ఆయన స్వతహాగా మితభాషి. ఇద్దరూ ఎదుటివారే ముందు పలకాలని కూర్చుంటే ఎలాగమ్మా? ఎదురుగా ఉన్నప్పుడు ఏదో ఒక పూట ఉప్పు అందించమనడానికైనా నోరు తెరుస్తారు. చాటున పడితే ఆ అవసరమూ ఉండదు. పెద్దవాళ్ళు చెబితే ఉపన్యాసమంటారు గాని, భోజనాలు మాత్రం కలిసే చేయండి.

శనివారం ఉదయం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి లింగంపల్లిలో దిగుతాను. టేపు, మట్టపు బద్ద తెచ్చుకొంటాను. నేను చూసేవరకు పనివాడికి అడ్వాన్సు ఇవ్వవద్దు, ఇచ్చి ఉంటే రశీదు తీసి ఉంచు. మీ అమ్మ ఆవకాయ జాడీ, మామిడిపళ్ళ బుట్ట పంపుతోంది, బరువు ఒక్కరికి కాదు. స్టేషనుకు వచ్చేటట్లయితే నీవూ అల్లుడుగారూ కలిసి రండి.

ఆశీస్సులతో,
నాన్న