ఒకే పేరున్న ఫంక్షన్లకి ఇంటిపేరు కావాలి

సంపాదకులకు నమస్కారం.

సర్వర్ ఆపకుండానే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో లోపాలు సరిచేసే లైవ్ ప్యాచింగ్ గురించి ఈమధ్య మీ టెక్నాలజీ పేజీలో చదివి చాలా సంతోషపడ్డాను, ఎందుకంటే హైదరాబాద్‌లో నేను రోజూ చేసే పని అదే, దాని గురించి తెలుగులో రాసేవాళ్లు చాలా తక్కువ. కాకపోతే ఆ వ్యాసం చదివితే ప్యాచ్ లోడ్ చేస్తే చాలు, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ఏ ఫంక్షన్‌ని, అంటే కోడ్‌లో ఒక పని చేసే ఏ ముక్కని మార్చాలో కెర్నల్‌కి ఎలా చెప్తాం? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

లినక్స్‌లోకి లైవ్‌ప్యాచ్ 2015లో 4.0 వెర్షన్‌తో వచ్చింది. పాత ఫంక్షన్ మొదలయ్యే చోటే కెర్నల్‌లోనే ఉన్న ఎఫ్‌ట్రేస్ అనే సదుపాయం సాయంతో పట్టుకుని, దారి మళ్లించి కొత్త ఫంక్షన్‌లోకి పంపిస్తుంది. పాతదాన్ని వెతికేది పేరుతోనే, కెర్నల్ ఫంక్షన్ల పేర్లు, చిరునామాలు ఉండే కాల్‌సిమ్స్ అనే పట్టికలో. సి భాషలో ఫంక్షన్ ముందు స్టాటిక్ అని రాస్తే ఆ పేరు ఆ ఫైలు దాటి పోదు కాబట్టి ఇంకో ఫైల్లో ఇంకొకరు అదే పేరు పెట్టుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. పరికరం పేరు చూపించే నేమ్_షో అనే ఫంక్షన్ గడియారం సంగతి చూసే ఆర్‌టీసీలో ఉంది, చిన్న చిప్‌లతో మాట్లాడే ఐ2సీలో ఉంది, వేడి, ఫ్యాన్లు గమనించే హెచ్‌డబ్ల్యుమాన్‌లో ఉంది, కరెంటు సరఫరా చూసే రెగ్యులేటర్లలో కూడా ఉంది. ఎవరి గది వాళ్లది, అయినా పట్టికలో మాత్రం అన్నీ ఒకే పేరుతో కనిపిస్తాయి.

మా ఊళ్లో వెంకటేశ్వర్లు పేరున్నవాళ్లు కనీసం నలుగురు ఉంటారు. ఉత్తరం వస్తే పోస్ట్‌మాన్ ఇంటిపేరు చూసి ఇస్తాడు, ఓటరు జాబితాలో రెండో వెంకటేశ్వర్లు ఎవరని వెతకడు, ఎందుకంటే జాబితా సవరించిన ప్రతిసారీ ఆ రెండోవాడు మారిపోతాడు. లైవ్‌ప్యాచ్ మాత్రం సరిగ్గా అలా రెండోవాణ్ణి వెతికే పనే చేస్తోంది. ప్యాచ్‌లో ఓల్డ్_సిమ్‌పాస్ అని ఒక అంకె ఇస్తాం. సున్నా ఇచ్చి, ఆ పేరుతో ఒకటి కంటే ఎక్కువ ఉంటే లోడ్ చేయనని కెర్నల్ మొండికేస్తుంది, అది మంచిదే. మూడు అని ఇస్తే మాత్రం పట్టికలో ఆ పేరున్న మూడోదాన్ని పట్టుకుంటుంది. ఆ మూడోది మనం అనుకున్నదేనా అని ఎవరూ అడగరు.

మా టూల్‌ని పరీక్షించడానికి ఐ2సీలోని నేమ్_షోకి ఒక చిన్న ప్యాచ్ తయారుచేశాం, అప్పటి బిల్డ్‌లో దాని స్థానం మూడు. తర్వాత టీమ్‌లో ఒకరు అంతవరకు మాడ్యూల్‌గా, అంటే విడిగా లోడ్ అయ్యే ముక్కగా ఉన్న ఒక డ్రైవర్‌ని కెర్నల్ లోపలికే కలిపి, వెర్షన్ పేరు మార్చకుండా మళ్లీ బిల్డ్ చేశారు. అందులోనూ ఒక నేమ్_షో ఉంది, అది పట్టికలో ముందుకొచ్చి కూర్చుంది. ఐ2సీది నాలుగైపోయింది, మూడులో ఆర్‌టీసీది పడింది. ప్యాచ్ ఒక్క ఎర్రర్ కూడా లేకుండా లోడ్ అయింది. ఆ సాయంత్రం ఎవరో గడియారం పేరు చదవబోతే స్క్రీన్ మీద చెత్త అక్షరాలు వచ్చాయి. రెండు ఫంక్షన్లూ తీసుకునే ఆర్గ్యుమెంట్లు ఒకటే కావడంతో ఐ2సీ కోసం రాసిన కోడ్ హాయిగా ఆర్‌టీసీ మెమరీలోంచి చదివేసింది. టెస్ట్ మెషీన్ కాబట్టి సరిపోయింది. కస్టమర్ సర్వర్ అయితే ఎలా అన్న టెన్షన్‌తో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బూట్ అయిన ప్రతిసారీ ఫంక్షన్ల వరస కలిపేసే ఎఫ్‌జీ-కేఏఎస్‌ఎల్‌ఆర్ అనే భద్రతా ప్రతిపాదన ఒకటి ఉంది, అది గనక వాడితే ఈ మూడు, నాలుగు అనే లెక్కకి అర్థమే ఉండదు. అందుకే కంపైల్ అయిన ముక్కల్ని కలిపే లింకర్ చేతే పేర్ల చివర చుక్క ఒకటి, చుక్క రెండు అని తగిలించే యూనిక్-సింబల్ ఆప్షన్‌ని కూడా ముందుకు తెచ్చారు. పేర్లు వేరవుతాయి నిజమే, కానీ అదీ అంకే కదా, బిల్డ్ మారితే అదీ మారిపోతుంది. పైగా కంపైలర్ ఎలాగూ తను మార్చి రాసుకున్న ఫంక్షన్ల పేర్లకి ఐఎస్ఆర్‌ఏ, కాన్‌స్ట్‌ప్రాప్ అని తన తోకలు తను తగిలిస్తూనే ఉంటుంది.

నా మాట ఒకటే, ఫంక్షన్ పేరుతోపాటు అది ఏ ఫైల్లోంచి వచ్చిందో కూడా పట్టికలో ఉండాలి. ఫైలు పేరు, లైను నంబరు కలిపి మారుపేరు పెడదామని 2023లో ఒక ప్రతిపాదన వచ్చింది. లైను నంబరు నాకు నచ్చలేదు, కోడ్‌లో పైన ఒక్క వ్యాఖ్య (కామెంట్) చేరిస్తే చాలు మారిపోతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. 32 బిట్ ప్రోగ్రాముల కోసం ఉన్న కంపాట్_బిన్‌ఎఫ్‌ఎంటీ_ఈఎల్ఎఫ్ ఫైలు ప్రోగ్రాముల్ని మెమరీలోకి ఎక్కించే అసలు బిన్‌ఎఫ్‌ఎంటీ_ఈఎల్ఎఫ్ ఫైలునే మొత్తంగా తనలోకి ఇన్‌క్లూడ్ చేసుకుంటుంది. అప్పుడు అందులోని లోడ్_ఈఎల్ఎఫ్_బైనరీ ఫంక్షన్ రెండుసార్లు కంపైల్ అవుతుంది, రెండింటికీ సోర్స్ ఫైలూ ఒకటే, లైనూ ఒకటే. కాబట్టి కోడ్ రాసి ఉన్న ఫైలు చాలదు, కంపైలర్‌కి ఇచ్చిన ఫైలు పేరు పెట్టాలి. పట్టిక కాస్త పెరుగుతుంది, మెమరీ ఇంకొంచెం తింటుంది, ఆ అభ్యంతరం నాకు తెలుసు. లైవ్‌ప్యాచ్ ఆన్ చేసుకున్నవాళ్లకి మాత్రమే ఇవ్వండి, మేం ఆ ఖర్చు భరిస్తాం.

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే మాస్టార్లకి కూడా ఒక విన్నపం. ల్యాబ్‌లో లినక్స్ మెషీన్ ఉంటే ప్రాక్ డైరెక్టరీలోని కాల్‌సిమ్స్ తెరిపించి, అందులో నేమ్_షో ఎన్నిసార్లు వచ్చిందో పిల్లలతో లెక్కపెట్టించండి, తర్వాత అందులో ఐ2సీది ఏదో చూపించమని అడగండి. మీ పేజీలో ఈసారి లైవ్ ప్యాచింగ్ గురించి రాసేటప్పుడు ఈ సంగతి కూడా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కెర్నల్ ఇంజినీరు, హైదరాబాద్