మీరు ఊళ్లో లేనప్పుడు మీ ఇంట్లో మా పని గురించి

మా దగ్గర ప్లంబింగు, టైల్స్ పనులు చేయించుకునే వారందరికీ నమస్కారం.

తిరుపతిలో సొంత ఇల్లు ఉండి, ఉద్యోగాల వల్ల బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటూ, తాళంచెవులు మా చేతికిచ్చి పని అప్పగించేవారు మీలో చాలామంది ఉన్నారు. అటువంటి ఒక ఇంట్లో ఇటీవల మా వల్ల నష్టం జరిగింది. ఆ ఇంటి యజమాని అనుమతి తీసుకుని, ఆయన వివరాలు బయటపెట్టకుండా, జరిగినది జరిగినట్టు మీకు తెలియజేస్తున్నాను.

బ్రహ్మోత్సవాలకు బంధువులతో వస్తామని, ఆలోగా బాత్రూము పూర్తి చేయమని వారు కోరారు. ఒక సాయంత్రం మా ప్లంబరు వాష్‌బేసిన్ కింద నీళ్లు ఆపడానికి ఉండే చిన్న కుళాయికే, అంటే పాత యాంగిల్ కాక్‌కే కొత్త కనెక్షన్ పైపు బిగించి, పది నిమిషాలు నీళ్లు వదిలి, చుక్క కూడా కారడం లేదని చూసుకున్న తరువాతే తాళం వేసి వెళ్లాడు. అయితే బోరునీళ్ల ఉప్పు గారకట్టిన ఆ పాత కాక్ మరల మీద నట్టు సరిగా కూర్చోలేదు, రాత్రి ఏదో వేళలో ఊడిపోయింది. నిమిషానికి పది లీటర్లు పోయినా 1000 లీటర్ల ట్యాంకు ఖాళీ కావడానికి రెండు గంటలు కూడా పట్టదు. పైగా ట్యాంకులో నీళ్లు తగ్గగానే మోటారును ఆన్ చేసే ఆటోమేటిక్ స్విచ్ ఉండటంతో, సంపులోని నీళ్లు కూడా మిద్దె మీదికి ఎక్కి, అదే దారిన పడకగదిలోకి చేరాయి.

ఇంతవరకు జరిగినది ప్రమాదం, ఆ తరువాత జరిగినది నా తప్పు. ఉదయం నేనే వెళ్లి నీళ్లు తోడించి, మంచాన్ని ఎండలో పెట్టించాను, యజమాని ఫోన్ చేస్తే మాత్రం పని బాగా సాగుతోందని చెప్పాను. అంతా ఆరిన తరువాత చెబితే ఆయన బాధ కొంత తగ్గుతుందని అనుకున్నాను. మరునాడు సాయంత్రం విషయం చెప్పగానే ఆయన మొదట అడిగినది బీరువా కింది అరలోని వాళ్ల అమ్మగారి పెళ్లి ఫోటోల గురించి. మూసి ఉన్న బీరువాలు తెరవకూడదనేది మా నియమం కాబట్టి, అడుగు నుంచి నీళ్లు లోపలికి వెళ్లిన సంగతి మాకు తెలియలేదు. తడిసిన ఫోటోలను తడిగా ఉండగానే విడదీయాలి, అంటుకుని ఆరితే ఇక విడిరావు. నేను ఆ ఉదయమే నిజం చెప్పి ఉంటే వాటిలో కొన్నైనా దక్కేవి. మంచానికి, పరుపుకు అయిన ఖర్చు మేము భరించాము, బాత్రూము కూలీ కూడా తీసుకోలేదు, కానీ ఆ ఫోటోలకు ఏమిచ్చినా సరిపోదు.

ఇకపై యజమానులు లేని ఇంట్లో, ప్రతి సాయంత్రం ట్యాంకు గేట్ వాల్వ్ మూసి, మోటారు స్విచ్ ఆపి, ఆ రెండింటి ఫోటోలు మీకు పంపిన తరువాతే తాళం వేస్తాము. గారపట్టిన పాత కాక్‌లను తిరిగి వాడము. ఏదైనా పగిలినా, తడిసినా, ఆ పని చేసిన మనిషే ముందుగా మీకు ఫోన్ చేస్తాడు, నాకు తరువాత చెబుతాడు. ఒకసారి పగిలిన అద్దానికి నేను ఒకరి కూలీలో కోత పెట్టాను. మావాళ్లకు దాచే అలవాటు నేర్పినది అదేనని ఇప్పుడు అనిపిస్తోంది. ఇకమీదట అటువంటి కోత ఉండదు.

మీ నుంచి కోరేది కొంత ఉంది. తాళంచెవులు ఇచ్చేముందు కాగితాలు, ఫోటోలు, నగలు ఒక గదిలో పెట్టి, ఆ గది తాళంచెవిని మీ దగ్గరే ఉంచుకోండి. హాలులో కెమెరా ఉంటే ఆ మాట ముందే చెప్పండి, మాకు అభ్యంతరం లేదు. చంద్రగిరి నుంచి, రేణిగుంట నుంచి పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా పనిచేసే మనుషులకు ఒక టాయిలెట్, తాగడానికి నీళ్లు వాడుకునే అనుమతి దయచేసి మీరే ఇవ్వండి, ఎందుకంటే వాళ్లు నోరు తెరిచి అడగరు.

సాయంత్రపు తనిఖీకి అదనంగా డబ్బు తీసుకోము, కానీ దానికి సమయం పడుతుంది కాబట్టి పండుగల ముందు కొన్ని పనులు ఒప్పుకోలేకపోవచ్చు. ప్రస్తుతం మా దగ్గర తాళంచెవులు ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. వెనక్కి కావాలన్నవారి తాళంచెవులు, వారు చెప్పిన బంధువుల చేతికో పొరుగింటివారి చేతికో అదే రోజు అందజేస్తాను.