గూళ్లు కట్టే నెలలోనే కొమ్మలు కొట్టాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వేసవిలో కరెంటు కోతలు రాకుండా ముందస్తు చర్యలు తీసుకుంటున్నారని వార్త వచ్చింది. తీగలకు అడ్డం వస్తున్న కొమ్మలు తొలగిస్తున్నారని, జనం సహకరించాలని రాశారు. పక్కన ట్రాక్టరు నిండా పచ్చి కొమ్మల ఫొటో వేశారు. అది చూసినప్పటి నుంచి మీకు రాయాలనే ఉంది. పండుగ బట్టలు కుట్టే పనిలో పడి ఇన్నాళ్లూ కుదరలేదు. ఆ ట్రాక్టరులో ఉన్నవి మా చెట్టు కొమ్మలో కావో తెలియదు గానీ, మా వీధిలో జరిగింది మాత్రం కళ్లారా చూశాను.

నేను ఇంట్లోనే మిషను కుడతాను. వెలుతురు బాగుంటుందని ఇరవై రెండేళ్లుగా మిషను పెరటి కిటికీ పక్కనే వేసుకున్నాను. కుడుతూ కుడుతూ తలెత్తితే వేపచెట్టు, దాని కింద మందార, కరివేపాకు, ఒక జామ. మాది చిన్న పెరడే, రెండు సెంట్లు కూడా ఉండదు. అయినా అందులో ఏడాది పొడుగునా ఎన్ని జీవాలు తిరుగుతాయో చూస్తే గానీ తెలియదు. కొలతల పుస్తకం వెనక పేజీల్లో తేదీలు రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. కోయిల మొదటిసారి కూసిన రోజు, వేప పూత కనబడిన రోజు, తొండ గొంతు ఎర్రబడిన రోజు, కరివేపాకు మీద సీతాకోకచిలుక పురుగులు దిగిన రోజు. ఆ పురుగులకు మందు కొట్టమని ఇరుగుపొరుగు చెబుతూనే ఉంటారు, నేను కొట్టను. నాలుగు రెబ్బలు అవి తింటాయి, మిగతాది మాకు చాలు.

ఈ ఏడాది ఫిబ్రవరి మధ్యలో మా వేపచెట్టుకు కంసాలిపిట్టల జంట వచ్చింది. పిచ్చుకంత ఉంటుంది, ఒళ్లంతా ఆకుపచ్చ, నుదుటి మీద కుంకుమ పెట్టినట్టు ఎర్రటి మచ్చ. కంసాలి రేకు మీద సుత్తితో కొట్టినట్టు టుక్కు టుక్కు మంటూ ఎండలో ఆపకుండా కూస్తుంది కాబట్టి ఆ పేరు. ఇది పుల్లలతో గూడు కట్టదు. ఎండిన కొమ్మలో తొర్ర తొలుచుకుంటుంది. 2021లో తెలంగాణ అంతా వేపచెట్లకు ఎండు తెగులు వచ్చింది గుర్తుందా? కొమ్మల చివర్ల నుంచి మాడిపోతూ వచ్చి, ఇక చెట్లు చచ్చిపోయాయనే అనుకున్నాం. మా చెట్టు తేరుకుంది గానీ పడమటి వైపు ఒక కొమ్మ మాత్రం ఎండిపోయింది. దాన్ని కొట్టించేద్దామని మా ఇంటాయన అన్నప్పుడల్లా వద్దన్నాను. నాలుగేళ్ల తర్వాత ఆ కొమ్మకే ఈ జంట వచ్చింది. కొమ్మ కింది వైపున, వాన నీళ్లు దిగకుండా, టీ గ్లాసు అడుగంత గుండ్రంగా తొలిచాయి. ఒకటి లోపల తొలుస్తుంటే ఇంకొకటి పక్క కొమ్మ మీద కాపలా, కాసేపటికి అది లోపలికి, ఇది బయటికి. పొట్టు ముక్కున కరిచి తెచ్చి బయటికి విదిలించేవి. రోజూ పొద్దున తులసికోట దగ్గర ఊడిస్తే చేటలోకి రంపపు పొట్టులాంటిది వచ్చేది. మార్చి మొదటి వారానికి ఒక పిట్ట తొర్రలోంచి తల మాత్రం బయట పెట్టి కూర్చునేది. గుడ్లు పెట్టాయని అప్పుడే అనుకున్నాను.

కింద మందారలో దర్జీపిట్ట గూడు. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నదాన్ని, ఆ కుట్టు చూస్తే నాకే ఆశ్చర్యం. రెండు ఆకులను దగ్గరికి లాగి, అంచుల్లో ముక్కుతో చిల్లులు పొడిచి, సాలీడు దారమూ దూది పోగులూ దూర్చింది. చిల్లు అవతల ఆ పోగు ఉండలా ఉబ్బి జారకుండా ఆగుతుంది. ముడి వేయకుండానే కుట్టు నిలుస్తుందన్నమాట. ఒకచోట ఎర్ర దారం కనిపించింది. నేను కత్తిరించి కిటికీ బయట పారేసిన ముక్కే అది.

మార్చి 11న పొద్దున పదిన్నరకు కొమ్మలు కొట్టేవాళ్లు వచ్చారు. ముందు చెప్పింది లేదు, నోటీసు లేదు. 11 కేవీ లైను మా ఇంటికి తూర్పున వీధిలో ఉంది. ఆ వైపు కొమ్మలు కొట్టాల్సిందే, నేనూ కాదనను. గాలికి కొమ్మ తీగకు తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. కరెంటు పోతే నా మిషను మోటారూ ఆగుతుంది. కానీ పడమటి కొమ్మకూ తీగకూ సంబంధమే లేదు. మధ్యలో చెట్టు మొత్తం ఉంది. చెట్టెక్కిన కుర్రాడికి కింద నుంచి అరిచి చెప్పాను, “బాబూ, ఆ ఎండుకొమ్మలో పిట్టలున్నాయి, అది వదిలెయ్” అని. “మొత్తం బోడి చేయమన్నారక్కా, సాయంత్రంలోపు వీధంతా అయిపోవాలి” అన్నాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనను. రోజు కూలికి వచ్చినవాడు, చేతికి గ్లౌజు కూడా లేదు. అతనికి ఏం కొట్టాలో, ఏది వదలాలో చెప్పాల్సిన మనిషి వీధి చివర నీడలో బైకు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నేను అక్కడికి పరుగెత్తి బతిమాలి వెనక్కి వచ్చేసరికి కొమ్మ కింద పడింది.

తొర్ర దగ్గరే చీలింది. లోపల మూడు తెల్లటి గుడ్లు. రెండు పగిలిపోయాయి. మూడోది బాగానే ఉంది గానీ దాన్ని పెట్టడానికి తొర్ర లేదు. నరికిన కొమ్మలన్నీ మందార మీదే పడేశారు. దర్జీపిట్ట గూడు చిరగలేదు, కానీ తల్లి మళ్లీ రాలేదు. నాలుగు రోజులు చూశాను. కంసాలిపిట్టలు రెండూ ఆ సాయంత్రం వచ్చి పక్కింటి డిష్ గొడుగు మీద చీకటి పడేదాకా కూర్చున్నాయి. ఒక్కసారి కూడా కూయలేదు.

మర్నాడు కరెంటు ఆఫీసుకు వెళ్లాను. వేసవిలో కరెంటు పోతే మళ్లీ మీరే ఫోను చేసి తిడతారు కదమ్మా అన్నారు. అడవి శాఖ వాళ్లను అడిగితే కరెంటు వాళ్లతో మాట్లాడుకోమన్నారు. మున్సిపాలిటీలో అయితే ఇది మా పరిధి కాదని ఒక్క ముక్కలో తేల్చేశారు. ముగ్గురిలో ఒక్కరైనా కాగితం మీద రాసుకోలేదు. మామూలు మనిషి తన పెరట్లో చెట్టు కొట్టాలంటే నీరు, నేల, చెట్లను కాపాడేందుకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, అడవి పక్షుల గుడ్లు పాడుచేసినా, గూళ్లను కదిలించినా వేట కిందికే వస్తుందని రాసి ఉంది. అడవి పక్షి అంటే అడవిలో ఉండేదే కానక్కర్లేదు, మన పెరట్లో స్వేచ్ఛగా తిరిగేది కూడా. ఈ మాట ఆ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు నేను చెప్పాలా?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఆ కొమ్మలేవో కార్తీకంలోనో మార్గశిరంలోనో కొట్టండి. వానలు తగ్గి ఉంటాయి, గూళ్లు చాలా వరకు ఖాళీగా ఉంటాయి. మాఘం దాటితే తొర్రలు తొలిచే పిట్టలు పని మొదలుపెడతాయి. ఎండాకాలం ముంచుకొచ్చాక మేలుకుని, ఫాల్గుణ చైత్రాల్లో, సరిగ్గా గూళ్లలో గుడ్లున్నప్పుడు, కత్తులు పట్టుకుని బయల్దేరితే ఎట్లా? తప్పదనుకుంటే తీగ వైపు కొమ్మలే కొట్టి, ఎక్కేముందు కింద నిలబడి ఐదు నిమిషాలు చూడండి. చెట్లు ఎక్కువున్న వీధుల్లో తొడుగు ఉన్న ఏబీ కేబుల్ వేస్తే ఏటా ఈ నరుకుడే తగ్గుతుంది. ఇది ఒక్క కంసాలిపిట్ట గొడవ కాదు. అది వదిలేసిన తొర్రల్లో చిన్న పిట్టలు కాపురం పెడతాయి. గోరింకలు, చిలుకలు, పైడికంట్లు అనే చిన్న గుడ్లగూబలు, మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా గుడ్లు పెట్టేది చెట్ల తొర్రల్లోనే. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి వెళ్లి వెతుకుతాం. తొర్ర ఉన్న ముసలి కొమ్మనల్లా కొట్టేస్తే అది ఎక్కడ పిల్లలను చేయాలి?

చెట్లు నాటడంలో చూపించిన హుషారు ఉన్న చెట్టును కాపాడడంలో లేదు. 2015లో హరితహారం మొదలైంది, సంతోషించాం. మా పట్టణంలో డివైడర్ల మీద ఏం పెట్టారు? కోనోకార్పస్ అనే విదేశీ మొక్క. దాన్ని నాటొద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పింది, అయినా ఇక్కడ ఇంకా అవే. వాటిలో ఒక్క పిట్ట గూడు కట్టగా నేను చూడలేదు. మన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలోనే వనజీవి రామయ్య గారు ఉండేవారు. వృక్షో రక్షతి రక్షితః అని రాసిన బోర్డు మెడలో వేసుకుని, సైకిల్ మీద విత్తనాలు మోసుకెళ్లి కోటికి పైగా మొక్కలు పెంచారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. నిరుడు ఏప్రిల్‌లో పోయినప్పుడు ఏ ఆఫీసులో చూసినా ఆయన ఫొటోకు దండ. ఏడాది తిరగలేదు.

ఈసారి ఉగాది మార్చి 19న వచ్చింది. ఇంట్లో వేపచెట్టు పెట్టుకుని పచ్చడిలోకి వేపపువ్వు బజారులో కొన్నాను. గుప్పెడు పూత ఇరవై రూపాయలు. మా వీధి ఆడవాళ్లందరూ ఏటా మా పెరట్లోకే వచ్చి కోసుకెళ్లేవారు. ఈసారి వచ్చి, మోడు చూసి వెళ్లిపోయారు. ఆ మర్నాడు పిచ్చుకల దినోత్సవం. పట్టణంలో చెక్క గూళ్లు పంచి ఫొటోలు దిగారు, మీరూ వేశారు. వేయొద్దని కాదు. ఆ చెక్క గూళ్లకు ఇచ్చిన చోటులో సగం ఇస్తే, ఉన్న గూళ్లు ఎన్ని పోయాయో మీ విలేకరి ఒక వీధి తిరిగి రాయగలడు. కరెంటు వాళ్లు చెప్పింది చెప్పినట్టు వేయకుండా, ఈ నెలలోనే ఎందుకని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎంత బాగుండేది.

మా వెనక వీధిలో పెద్ద చింతచెట్టు ఉంది. దాని వంతు వచ్చే సోమవారమని విన్నాను. పై కొమ్మల్లో కాకి గూడు ఉంది, నాలుగు రోజులుగా మచ్చల కోయిల, అంటే ఆడది, దాని చుట్టూ తిరుగుతోంది. కింది తొర్రలో పైడికంటి జంట పగలు కూడా తలలు బయటపెట్టి చూస్తుంటాయి. ఈ ఉత్తరం సోమవారంలోపు అచ్చయితే, సంబంధించినవాళ్లు ఒకసారి ఆ చెట్టు కిందికి రమ్మని నా మనవి. ఏ కొమ్మ తీగకు తగులుతుందో, ఏది తగలదో నేను దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం జిల్లా