పరిష్కారమైందంటూ మీరు మూసేసిన నా కేసు గురించి

వినియోగదారుల సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: ఎన్‌క్రిప్ట్ అయిన (అంటే పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోకుండా తాళం పడిన) ఫోన్ బ్యాకప్ విషయంలో మీ సిబ్బంది నిర్లక్ష్యంపై ఫిర్యాదు.

అయ్యా,

"మీ సమస్య పరిష్కారమైంది, మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అంటూ మీ కంపెనీ నుంచి వచ్చిన ఈమెయిల్ చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. పరిష్కారం మాట దేవుడెరుగు, నా సమస్యను పూర్తిగా విన్న మనిషే మీ దగ్గర ఇంతవరకు నాకు తారసపడలేదు.

సంగతి చిన్నదే. పాత ఫోన్ పాడైపోయింది. అందులోని ఫొటోలు, మెసేజీలు, మా అమ్మ గొంతుతో ఉన్న రికార్డింగులు కంప్యూటర్‌లో తీసిన బ్యాకప్‌లో ఉన్నాయి. వాటిని కొత్త ఫోన్‌లోకి ఎక్కించబోతే, ఎప్పుడో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసిననాటి పాస్‌వర్డ్ అడుగుతోంది. బ్యాకప్ తీసిన ప్రతిసారీ ఊరుకుని, తీరా అవసరం పడిననాడు అడిగితే ఎవరికి మాత్రం గుర్తుంటుంది?

చాట్‌లో దొరికిన మొదటి ప్రతినిధి "మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను" అన్నారు. నేను అడిగింది బ్యాకప్ పాస్‌వర్డ్ గురించి; ఆయన మార్పించింది అకౌంట్ పాస్‌వర్డ్. ఆ రెండింటికీ సంబంధం లేదని చివరికి నేనే ఆయనకు వివరించవలసి వచ్చింది. తరవాత ఫోన్‌లో మాట్లాడినావిడ సెట్టింగులన్నీ రీసెట్ చేయమన్నారు. చేశాను. కొత్త ఫోన్‌లో సేవ్ చేసుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి, బ్యాకప్ మాత్రం తెరుచుకోలేదు. ఆ రీసెట్ వల్ల ఇకమీదట తీసే బ్యాకప్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చే తప్ప పాతది తెరుచుకోదని మీ సహాయ పేజీలోనే రాసి ఉంది. అది చదివి వినిపిస్తే, "ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి" అని సంగీతం పెట్టి వెళ్లారు. కాసేపటికి సంగీతం ఆగింది, కాల్ తెగిపోయింది, ఆవిడ మాత్రం రాలేదు.

ఇక మీరు "సీనియర్ నిపుణుడు" అని అంటగట్టిన పెద్దమనిషి, కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పించుకుని, బ్యాకప్ ఫోల్డర్‌ను విడిగా కాపీ చేసుకుని కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి సాఫ్ట్‌వేర్ కొత్తగా వేసుకోమన్నారు. నిపుణుడి మాట కదా అని అలాగే చేశాను. ఎన్‌క్రిప్షన్ పెట్టేటప్పుడే ఆ పాస్‌వర్డ్‌ను కంప్యూటర్‌లో సేవ్ చేసుకునే వీలుంటుందనీ, అందుకే మొట్టమొదట వెతకవలసింది అక్కడేననీ తరవాత నేనే చదివి తెలుసుకున్నాను. ఆనాడు సేవ్ చేశానో లేదో చూసుకునే దారి కూడా ఇప్పుడు లేదు. ఈ మాటే తిరిగి రాస్తే, మర్నాడు కేసు మూసేసి స్టార్లు అడిగారు!

పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండదనీ, బ్యాకప్‌ను తెరిచే తాళంచెవి లాంటి కీని దాని ఆధారంగానే లెక్కగట్టి తయారుచేస్తారనీ, ఊహించి తెరవాలని చూసేవాడికి ఒక్కొక్క ప్రయత్నమూ ఆలస్యమయ్యేలా కావాలనే ఆ లెక్కను ఎన్నో వేలసార్లు తిప్పుతారనీ నాకు తెలుసు. దొంగ చేతికి చిక్కినా తెరుచుకోకూడదనే కదా ఆ ఏర్పాటు. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. "మా వల్ల కాదు, ముందు మీ కంప్యూటర్‌లో వెతకండి" అని మొదటిరోజే చెప్పగల మనిషి ఇంత పెద్ద కంపెనీలో ఒక్కరూ లేకపోయారా?

ఎన్నో ఏళ్లుగా మీ ఫోన్లు తప్ప మరొకటి వాడి ఎరుగను. ఇంటిల్లిపాదికీ మీవే కొన్నాను, వద్దన్న స్నేహితులతో వాదించి మరీ కొనిపించాను. అలాంటివాడికి మీరు చేసిన మర్యాద ఇది.

కేసును వెంటనే తిరిగి తెరిచి, విషయం తెలిసిన అధికారి చేత నాతో మాట్లాడించాలి. ఆ చెరిపివేత సలహాకు బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తెలపాలి. నష్టపరిహారం సంగతి మీ జవాబును బట్టి ఆలోచిస్తాను. జవాబే రాకపోతే వినియోగదారుల కోర్టులో కలుసుకుందాం. చాట్‌లన్నీ నేను భద్రపరిచాను. నాణ్యత కోసం సంభాషణను రికార్డు చేస్తున్నామని కాల్ చేసిన ప్రతిసారీ వినిపించారు కనుక, ఆ రికార్డులను చెరిపేయకుండా ఉంచవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు