రాజీనామా సంగతి రాయి బాబూ

తెలుక్ ఆన్సన్, మలయా, జూలై 1956

చిరంజీవి సత్యానికి మీ నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. పని ఎక్కువై ఉంటుందిలే అనుకున్నాం. మొన్న ఈపో నుంచి అప్పలస్వామి మామ వచ్చి, నువ్వు సహకార శాఖ వదిలేసి ఏదో ఇన్సూరెన్సు కంపెనీలో చేరబోతున్నావని చెప్పాడు. నేను నమ్మలేదు. మీ అమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

దాని గురించి రాయాలని కూర్చోలేదు. బగాన్ దాతోలో చిన్నాన్న ఇంటి కప్పు బాగుచేయించాం. రామన్న కూతురికి సంబంధం కుదిరింది. మలేరియా రాకుండా వేసుకునే పాలుడ్రిన్ మాత్రలు మానకు. తోటలకి వెళ్ళిన రోజు చీకటి పడకముందే తిరిగి రా. అడవుల్లో కమ్యూనిస్టుల గొడవ ఇంకా పూర్తిగా అణగలేదు.

మీ ఆఫీసులో దొరలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారటగా. వచ్చే ఏడాది ఆగస్టుకి స్వతంత్రం అంటున్నారు. మరి వాళ్ళ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? 1922లో కావెండిష్ దొర ఈ శాఖ మొదలుపెట్టినప్పుడు తొలి సంఘం తపాలా, టెలిగ్రాఫు ఉద్యోగులది. చదువుకున్నవాళ్ళు, నెల జీతాలవాళ్ళు. వాళ్ళ లెక్క వాళ్ళే చూసుకోగలరు. తోట కూలీల పొదుపు సంఘాలు అలా కాదు. అక్కడ లెక్కని కూలీ మాటలో చెప్పగల మనిషి ఉండాలి. నేను చూసినంతలో ఆఫీసులకి ఎప్పుడూ కరువైంది అలాంటివాళ్ళే.

జపానువాళ్ళు పోయాక జరిగింది నీకు గుర్తుండదు. నేను తోటలో కిరాణీని, అంటే గుమాస్తాని. సంఘం లెక్కలు తేల్చడానికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచివాడు, తమిళం ధారాళంగా వచ్చు, తెలుగు ముక్క రాదు. జపానువాళ్ళు సయాం రైలుదారి పనికి పట్టుకుపోయిన సభ్యుల్లో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళు అచ్చేసిన అరటిచెట్టు బొమ్మ నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. కానీ యుద్ధానికి ముందు కట్టిన పొదుపు పద్దుల్లో ఉంది. నూకాలమ్మ తన పెనిమిటి ఎర్రన్న పాస్‌బుక్కుని బియ్యం డబ్బాలో దాచి తెచ్చింది. ఇన్‌స్పెక్టరు వేలిముద్ర వెయ్యమన్నాడు. వేస్తే మొగుడు పోయాడని ఒప్పుకున్నట్టే అనుకుని, ఆవిడ వేలు కొంగులో చుట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆయన నిరాకరించిందని రాయబోతే నేను ఆపాను. వరండాలో కూర్చోబెట్టి ఎర్రన్న కట్టిన డబ్బు పేజీ పేజీ చదివాను. ఈ నెల డాలరు, ఆ నెల అర డాలరు, ఒక నెల ఏమీ లేదు. ఆ నెల చెల్లెలి పెళ్ళి చేశాడంది. ఇంకో నెల మలేరియా అంది. మధ్యాహ్నం దాకా పట్టింది. ఇది లెక్క సరిపోయిందని వేసే ముద్రేగానీ చావు కాగితం కాదని తెలిశాక వేసింది. నాలాంటివాడు శాఖలో ఉండాలని ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు అన్నాడు. నా ఇంగ్లీషు చదువు చాలలేదు. నీ చదువు చాలింది.

సంఘం రిజిస్టరు చేయించే తొందరలో ఉండకు. ముందు కొన్ని సాయంత్రాలు కూర్చుని నిబంధనలు చదివి వినిపించు. మేనేజరు బంగళాలో భోంచేసి కూలీ లైన్లకి వెళ్ళకు, నువ్వు ఎవరి మనిషివో వాళ్ళు అక్కడే తేల్చేసుకుంటారు. సంఘం నగదు చేత్తో ముట్టకు. మినిట్స్ పుస్తకం వాళ్ళ ఎదుటే రాయించు. ఇవన్నీ నీకు తెలుసు, అయినా రాస్తున్నాను.

ఇంగ్లండులో స్టాన్‌ఫర్డ్ హాలు సహకార కాలేజీ కోర్సుకి నిన్ను కాక ఇంకొకర్ని పంపారని మనసు కష్టపెట్టుకున్నావా? వెళ్ళివచ్చేవాళ్ళు కావలసిందే. కానీ 1948 సహకార సంఘాల ఆర్డినెన్సు నీకు కంఠతా వచ్చు, మూడు భాషలొచ్చు. దొరలు ఖాళీ చేస్తున్న ఈ సమయంలో నువ్వు కూడా పోతే, నూకాలమ్మకి ఎవరు చదివి వినిపిస్తారు?

కంపెనీ జీతం ఎక్కువే, కాదనను. ఇంతకీ రాజీనామా ఇచ్చావా, లేదా? ఇచ్చి ఉంటే పై అధికారుల దాకా వెళ్ళకముందే వెనక్కి తీసుకోవచ్చేమో మీ హెడ్‌క్లర్కుని అడుగు. ఏ తేదీన ఇచ్చావో కూడా రాయి.

మీ అమ్మ బస్సులో ఆవకాయ జాడీ పంపుతోంది. చొక్కాల కొలతలు మారాయేమో, నడుము, భుజం కొలిపించి రాయి. శనివారం టపాకి జవాబు అందాలి.

మీ నాన్న