బిల్లు కట్టాం, కరెంటు కట్టయింది

రాయగడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ కలెక్టరూ,

ముందు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టేసి, ఆ తరువాత చదువు. నీ ఉత్తరం ఉగాదికి ముందే అందింది. జవాబు రాద్దామని కొట్లో కాగితం తీసినప్పుడల్లా ఎవరో ఒకరు జిరాక్సుకు వస్తారు. ఆ కాగితం కాస్తా వాళ్ల లెక్కలు వేయడానికే సరిపోతుంది. ఫోను చేయవచ్చు కదా అంటావు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో నవ్వుతావు, నేను కథ మరిచిపోతాను. ఈ కథ మరిచిపోకూడదురా.

ఇంటి సంగతులు ఒక్క ముక్కలో: అమ్మ బాగుంది, మోకాళ్లు బాగాలేవు. పార్వతీపురంలో పెళ్లి బాగా జరిగింది, నువ్వు రానందుకు అందరూ నన్నే నిలదీశారు, ఆ బాకీ నీ ఖాతాలోనే రాశాను. కొట్లో గిరాకీ బడులు తెరిచే దాకా అంతంత మాత్రమే. మజ్జి గౌరమ్మకు నీ పేరు మీద కొబ్బరికాయ కొట్టాం. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు. ఇక విను.

కిందటి శనివారం మా ఇంటి కరెంటు కోసేశారు. బిల్లు కట్టలేదని!

మా ఇంటికిరా! పాలవాడికి రూపాయి తక్కువ ఇచ్చానని నాన్న రాత్రి పూట చెప్పులేసుకుని బయలుదేరిన రోజు నువ్వు మా అరుగు మీదే ఉన్నావు కదా, ఆ ఇంటికి!

ఆ రోజు మా బావమరిది వాళ్లు విజయనగరం నుంచి పిల్లలతో దిగారు. నీ చెల్లెలు మర్నాటి ఇడ్లీలకు గ్రైండరులో మినప్పప్పు వేసింది. పప్పు సగం నలిగిందో లేదో గ్రైండరు ఆగిపోయింది. మామూలుగా పోయే కరెంటే అనుకున్నాం. ఎదురింట్లో టీవీ మాత్రం గోలగోలగా మోగుతోంది. బయటికొచ్చి చూస్తే మా గోడ పక్క స్తంభానికి నిచ్చెన, దాని మీద లైన్‌మన్, కింద నిచ్చెన పట్టుకుని ఒక కుర్రవాడు. మా సర్వీసు వైరును పటకారుతో విడదీసి, వంకర్లు లేకుండా చుట్ట చుట్టి, ఆ చుట్టను స్తంభానికే తాడుతో కట్టి, తాడు గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసుకుని మరీ దిగాడు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది.

"ఏమయ్యా, మేము ప్రతి నెలా కడుతున్నాం కదా!" అన్నాను. "లిస్టులో ఉంది సార్, నేనేం చేయను," అన్నాడు. సగం ఒడియా, సగం తెలుగు. నాకు చట్టం గుర్తొచ్చింది. 2003 విద్యుత్ చట్టంలో 56వ సెక్షను ఉంది, 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయకూడదు అని గట్టిగానే అన్నాను. మన లెక్కల మాస్టారి గొడుగు కేసులో నువ్వు వాదించినట్టే వాదించాననుకో. ఫలితం కూడా అదే. "ఇచ్చాం సార్, మీ గేటుకే పెట్టాం," అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గేటుకు పెట్టినవన్నీ ఏమవుతాయో నీకు తెలుసు. అమ్మ తీసి తీగకు గుచ్చుతుంది. వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే ఆ కొక్కెం తీగే. ఎన్ని ఇళ్లు మారినా దేవుడి పటాల తరువాత మా సామానులో ఎక్కేది అదే. అందులో అడుగున రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలో ఉన్నప్పటి రసీదులున్నాయి. 1992లో జిల్లా వేరయింది కదా, అంతకు ముందువి. పసుపు పచ్చగా మారాయి గాని ప్రతి అంకె చదవవచ్చు, గుమాస్తా సంతకంతో సహా. సరే, తీగ దించి పై నుంచి ఈ ఏటి బిల్లులు లాగాం. తెల్లగా ఉన్నాయిరా! అక్షరం లేదు. ఇప్పుడు రీడింగుకు వచ్చేవాళ్లు చేతిలో చిన్న మిషను పెట్టుకుని అప్పటికప్పుడు చీటీ తీసిస్తారు చూడు, అది వేడి తగిలితే నల్లబడే కాగితం. అందులో ఇంకు ఉండదు. నాలుగు నెలలు పొయ్యి పక్కన వేలాడితే అక్షరాలన్నీ వెలిసిపోతాయి. అమ్మ మాత్రం తెల్ల కాగితాలను తారీఖుల వరసలోనే గుచ్చింది.

చివరి బిల్లు ఒక్కటి చదవడానికి వీలుగా ఉంది. నీ చెల్లెలు దాన్ని కిటికీ దగ్గర పెట్టి చదివింది. ఈ నెల మొత్తం, దాని కింద పాత బకాయి, ఆలస్యానికి వడ్డన. బకాయి అంటే చిన్నది కాదు, మేము ఈ ఇంట్లో దిగిన దగ్గర నుంచి ఉన్నదంతా!

ఇప్పుడు ఫోను. కరెంటు బిల్లు కట్టేది నీ మేనల్లుడు. భువనేశ్వర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే "ఇక మీరు క్యూలో నిలబడొద్దు నాన్నా" అని యూపీఐలో ఆటోపే పెట్టేశాడు. నెలనెలా వాడి ఖాతాలోంచి దానంతట అదే పోతుంది. ముందు రోజు వాడికి కబురు వస్తుంది, మొత్తం 15,000 లోపయితే పిన్ను కూడా అడగదు. వాడికి ఫోను చేస్తే ప్రతి నెలా కట్టినట్టు వచ్చిన మెసేజీలన్నీ నిమిషంలో పంపాడు. అన్నీ ఉన్నాయి. ఒక్క నెల తప్పలేదు. డబ్బు వెళ్లింది. కరెంటు ఆఫీసుకే వెళ్లింది. కరెంటు మాత్రం లేదు.

మా బావమరిది నిప్పులు కక్కుతున్నాడు, కోర్టు అంటున్నాడు. నీ చెల్లెలు మాత్రం "నువ్వు మెసేజీలో కన్స్యూమర్ నంబరు చదువు తమ్ముడూ, నేను బిల్లులోది చదువుతాను" అంది. మొదటి నుంచి ఇద్దరూ ఒకే గొంతుతో చదువుకుంటూ వచ్చారు. చివరి మూడు అంకెల దగ్గర గొంతులు విడిపోయాయి.

మరి ఆ నంబరు ఎవరిది? మేము కిందటి దసరాకు స్టేషను దగ్గర ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చాం, గుర్తుందా? అప్పుడు నువ్వు బీరువా మోయడానికి వస్తానని రాలేదు, సరే వదిలెయ్. పాత ఇంటి బిల్లులు కూడా వెలిసిపోయాయి కాబట్టి పోల్చడానికి ఏమీ లేదు. అప్పుడు నీ చెల్లెలికి గుర్తొచ్చింది: పిల్లవాడి కాలేజీ ఫైలులో చిరునామా రుజువుకని పెట్టిన జిరాక్సు! మన కొట్లో తీసిందే. నిక్షేపంలా ఉంది. అదే నంబరు. మేము దీపాలు లేకుండా కూర్చుని పాత ఇంటికి దీపాలు పెడుతున్నాం.

పిల్లవాడిని ఏమనను? వాడు గ్యాసును చూసి అనుకున్నాడు. ఇల్లు మారినా గ్యాసు పుస్తకం మన వెంట వస్తుంది, చిరునామా రాయించుకుంటే చాలు. ఫోను నంబరూ అంతే. కరెంటు అలా కాదు కదా, నంబరు మీటరుది, మీటరు గోడది. మనుషులు పోతారు, అది అక్కడే ఉంటుంది. పోనీ కట్టేటప్పుడు పేరు కనబడుతుంది కదా, అదైనా పట్టించాలి. పట్టించదు! రెండు ఇళ్లూ ఒకే యజమానివి, రెండు మీటర్లూ ఇప్పటికీ వాళ్ల నాన్నగారి పేరు మీదే ఉన్నాయి. ఆ పెద్దాయన పోయి ఎన్నాళ్లో అయింది.

ఇంకో తమాషా. హెచ్చరిక మెసేజీలన్నీ బొబ్బిలిలో ఉన్న యజమాని ఫోనుకు వెళ్లాయట. "ఈ రాత్రి 9.30కి మీ కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి" అని 2022లో దేశమంతా దొంగ మెసేజీలు తిరిగాయి చూడు, ఆయన అప్పుడే జాగ్రత్త నేర్చుకున్నాడు. అందుకని ఈ అసలైనవాటిని కూడా వచ్చినవి వచ్చినట్టే చెరిపేశాడు. పైగా నాకు ఫోనులో, "అలాంటివి వస్తే నమ్మకండి, 1930కి ఫిర్యాదు చేయండి" అని బుద్ధులు చెప్పాడు. అది సైబరు మోసాల నంబరే, నిజమే. కాని మా వైరు నిజంగానే స్తంభం మీద చుట్ట చుట్టి ఉంది కదయ్యా!

ఇప్పుడు అసలు భాగానికి వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు.

చలికాలం పోయినప్పటి నుంచి మా బిల్లు, అంటే మాది అనుకున్న బిల్లు, పెరుగుతూనే ఉంది. ఇక్కడ 50 యూనిట్ల దాకా ఒక ధర, 200 దాకా ఇంకొకటి, 400 దాకా మరొకటి. ఏప్రిల్లో 200 దాటింది. నీ మేనల్లుడు భువనేశ్వర్ నుంచి పొదుపు పాఠాలు మొదలుపెట్టాడు. ఫ్రిజ్ తలుపు ఎక్కువ తీయొద్దట, గీజరు ఎందుకట, మామ్మ గదిలో ఫ్యాను పగలు కూడా తిరగాలా అట. అమ్మకు రోషం వచ్చింది. ఫ్యాను కట్టేసి తాటాకు విసనకర్ర తీసింది. ఎవరు స్విచ్చి వేసినా లేచి ఆపేస్తుంది, ఆ మోకాళ్లతో. పెళ్లికని ఇంటికి తాళం వేసి అందరం పార్వతీపురంలో ఉన్న నెలలో కూడా బిల్లు పెరిగింది! "తాళం వేసిన ఇంట్లో ఎవరు వాడార్రా, దయ్యాలా?" అని అమ్మ అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు. డెబ్భై దాటిన మనిషి మాట కదా.

శనివారం రాత్రి ఆ దయ్యాలను చూడడానికి టార్చిలైటు పట్టుకుని నేనూ బావమరిదీ బయలుదేరాం. స్టేషను వీధిలో మా పాత ఇల్లు పెళ్లి ఇల్లులా వెలుగుతోంది. వరండాలో రెండు లైట్లు. కిటికీలో కూలరు విమానంలా రొద పెడుతోంది. బావమరిది నా చెవిలో, "బావా, అది మన గాలే," అన్నాడు. తగవు పెట్టుకోవడానికి వెళ్లినవాడిని, గేటు దగ్గరే నవ్వేశాను.

అద్దెకున్నాయన బలంగీర్ వైపు మనిషి, బదిలీ మీద వచ్చిన గుమాస్తా. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, కూలరు మా వైపు తిప్పి, మంచినీళ్లు ఇచ్చాకే విషయం అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం చూడాలి. మొదటి నెల బిల్లు పట్టుకుని ఆయన కౌంటరుకు వెళ్లాడట. బాకీ ఏమీ లేదు, కట్టేశారు అన్నారట. రెండో నెలా అంతే. అద్దెలో కరెంటు కలిసే ఉంది, ఇలాంటి యజమాని ఎక్కడ దొరుకుతాడు అని భార్యాభర్తలిద్దరూ మురిసిపోయారు. మురిసి ఊరుకున్నారా? సంక్రాంతికి బొబ్బిలికి ఛెనాపోడొ పంపారు! ఆ యజమాని ఎందుకు, ఏమిటి అని అడగకుండా తిన్నాడు. కలెక్టరూ, మనం కట్టిన బిల్లుకు మిఠాయి ఆయన తిన్నాడు. దీనికి ఏ సెక్షను ఉందో చూసి చెప్పు.

మనిషి మంచివాడు. అక్కడికక్కడే లెక్క రాసుకుని మర్నాడు సగం పంపాడు, మిగతాది జీతం రాగానే అన్నాడు. మేము సరైన నంబరు కొట్టి మా బకాయి, మళ్లీ కలిపే రుసుముతో సహా ఆ రాత్రే కట్టాం. ఆదివారం పొద్దున అదే లైన్‌మన్ వచ్చి అదే చుట్ట విప్పాడు. మినప్పిండి మాత్రం ఆ రాత్రే వీధి చివర మామ్మగారి రుబ్బురోట్లో నలిగింది. మా బావమరిది రుబ్బాడు. వాడి చేతులు నీకు తెలుసు కదా, ఇడ్లీల గురించి ఇంకేమీ అడగవద్దు.

ఆటోపే తీసేద్దామని నేనన్నాను. నీ చెల్లెలు ఒప్పుకోలేదు. గడువు దాటకుండా కడుతోంది, దాని తప్పేముంది, కట్టాక కాగితం ఎవరూ చదవకపోతే అదేం చేస్తుంది అంది. ఇప్పుడు బిల్లు గేటులోకి రాగానే నంబరు చివరి మూడు అంకెలు, 'పాత బకాయి' గడి చూసి టిక్కు పెట్టి, కొట్టుకు పంపుతుంది. జిరాక్సు తీశాకే అది తీగ ఎక్కుతుంది. కొట్లో ఒక గిరాకీ పెరిగింది, గల్లాలో మాత్రం ఏమీ పడదు. గోడ మీది తెలుగు క్యాలెండరులో రాహుకాలం గడుల పక్కనే ఎర్ర పెన్నుతో గడువులు: మునిసిపాలిటీ ఇంటి పన్ను గురించి యజమానికి గుర్తు చేయడం, గ్యాసు, ఎల్ఐసీ. ఎల్ఐసీ మనం నెలనెలా కట్టేది కాబట్టి 15 రోజులే వెసులుబాటు, ఏడాదికి కట్టేవాళ్లకు 30 రోజులుంటుంది, అది కూడా రాసి పెట్టింది. ఏకాదశి ఎప్పుడో చూద్దామని అమ్మ అద్దాలు పెట్టుకుంటే ఫోను బిల్లు కనిపిస్తోందట.

అమ్మ సంగతి చెప్పలేదు కదూ. ఫ్యాను పగలూ రాత్రీ నడిపిస్తోంది. దుప్పటి కప్పుకుని మరీ. ఆపబోతే, "ఇన్ని నెలల గాలి నాకు బకాయి ఉంది, వడ్డీతో రావాలి," అంటోంది. నీ మేనల్లుడు నోరెత్తడం లేదు. వాడికి పాపం...

అన్నట్టు గుణుపురంలో మన చిన్న రైలు స్నేహితుడు కనిపించాడు! నువ్వు అప్పట్లో నౌపడాలో దిగకుండా దాక్కున్న సంగతి ఇంకా అందరికీ చెబుతున్నాడు. నీకు ఇవ్వాల్సినది ఒకటి వాడి దగ్గర ఉందట, అదేమిటంటే... అయ్యో, పక్కింటి కుర్రవాడు సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు. విజయనగరం బండికి వేళయిందట, అక్కడ పోస్టులో వేస్తానన్నాడు. గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. మిగతాది ఇంకో ఉత్తరంలో. షుగరు పరీక్ష చేయించుకుని కాగితం చదివి ఫైలులో పెట్టు

నీ గుమాస్తా