చలి ముదరకముందే హాస్టళ్లను చక్కదిద్దాలి

సంపాదకుడు గారికి,

అయ్యా,

చలికాలం వస్తే మా అనంతపురం జిల్లాలో దాతలు హాస్టళ్లకు వెళ్లి దుప్పట్లు పంచుతారు. మంచి పనే. కానీ సంక్రాంతి దగ్గర పడ్డాక అందే దుప్పటి వల్ల ఉపయోగం సగమే. పగలు 30 డిగ్రీల ఎండ కాస్తుంది కాబట్టి మన సీమలో చలేముంటుందిలే అనుకుంటాం. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున అదే ఊళ్లో 15 డిగ్రీలకు, ఒక్కోరోజు అంతకన్నా కిందికి దిగుతుంది. తాడిపత్రి నాపరాళ్లు పరిచిన నేల మీద పడుకునే పిల్లలకు ఆ తేడా బాగా తెలుస్తుంది. అందుకే సంక్షేమ హాస్టళ్లలో చలికాలం పనులన్నీ కార్తీకం దాటకముందే ముగించాలని అధికారులను కోరుతున్నాను.

పైన ఎన్ని కప్పుకున్నా, కింద ఏమీ లేకపోతే ఒంటి వేడిని బండ లాగేస్తూనే ఉంటుంది. ఉన్నవి రెండే దుప్పట్లయితే ఒకటి కింద పరుచుకోవాలి. చాప వేసి దాని మీద బొంతో, మందపాటి జంపఖానో వేస్తే ఇంకా మేలు. కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళి ఇచ్చేంత వెచ్చదనం మరేదీ ఇవ్వదు, అయితే నేరుగా ఒంటికి తగిలితే గుచ్చుతుంది, లోపల నూలు దుప్పటి ఉండాలి. చలికి భయపడి కిటికీలన్నీ బిగించేస్తే ఒకరి దగ్గు గదంతా పాకుతుంది. తలవైపు కిటికీలు మూసి, పై రెక్కలు ఒకటి రెండు తెరిచి ఉంచితే చాలు. బొగ్గుల కుంపటిని మాత్రం గదిలోకి రానివ్వకూడదు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

దుప్పట్లు చాలకపోతే వచ్చే అసలు చిక్కు గజ్జి. చాలామంది అనుకున్నట్టు స్నానం చేయనందుకు వచ్చేది కాదది. చలికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకే దుప్పటి కింద ముడుచుకుంటారు, చర్మానికి చర్మం తగిలి పురుగు ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుంది. మొదటిసారి సోకినవారిలో దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే గోక్కుంటున్న పిల్లవాడి పక్కన హాయిగా నిద్రపోతున్నవాడికీ అది ఉండొచ్చు. వేళ్ల సందుల్లో పొక్కులున్న ఒకరిద్దరికి మందిచ్చి ఊరుకుంటే నెల తిరిగేసరికి గది మొత్తానికి మళ్లీ వచ్చేది ఇందుకే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును పిలిపించి, గదిలో ఉన్న అందరికీ ఒకే రోజు మందు పూయించాలి.

సాధారణంగా రాసే మందు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. 30 గ్రాముల ట్యూబులో పదేళ్ల పిల్లలకు సగం సరిపోతుంది. వేడినీళ్ల స్నానం చేసిన వెంటనే కాకుండా, ఒళ్లు ఆరి చల్లబడ్డాక రాత్రిపూట రాయాలి. దురద ఉన్నచోటే రాస్తే లాభం లేదు. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, చంకలు, గజ్జలు ఏవీ వదలకూడదు. 8 నుంచి 12 గంటలు ఒంటి మీద ఉండాలి. అన్నం తిని చేతులు కడుక్కుంటే మందూ పోతుంది, చేతులకు మళ్లీ రాయాలి. వారం తర్వాత రెండోసారి పూయడం తప్పనిసరి, ఎందుకంటే మొదటి పూతకు కొన్ని గుడ్లు మిగిలిపోవచ్చు. మందు పనిచేసినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. అది చూసి రోజూ క్రీము పూస్తే చర్మం మండుతుంది. మందు రాసిన మర్నాడే బట్టలు, దుప్పట్లు మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయాలి. వేడినీళ్లలో వేయలేని కంబళ్లను గోనెపట్టాలో కాకుండా ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కనీసం మూడు రోజులు పక్కన పెడితే చాలు, మనిషి ఒళ్లు దొరకక పురుగు చచ్చిపోతుంది. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు కాబట్టి ఉతుకు ఉదయమే కావాలి.

ఇక వేడినీళ్లు. 60 డిగ్రీల నీళ్లు పది లీటర్లు, చన్నీళ్లు పది కలిపితే ఒకరికి బకెట్ గోరువెచ్చని నీళ్లవుతాయి. వందమందికి రోజుకు వెయ్యి లీటర్ల వేడినీళ్లు కావాలి. 200 లీటర్ల సోలార్ హీటర్ ఉంటే ముందు లేచిన ఇరవై మందితోనే సరి. మన బోరు నీళ్లకు ట్యూబుల్లో గార పేరుకుని ఆ కాస్తా సరిగా వేడెక్కదు. ఏడాదికోసారి ట్యూబులు విప్పించి గార తీయించాలి, పగిలినవి మార్పించాలి, పై ట్యాంకు రాత్రే నింపి ఉంచాలి. హీటరు లేని చోట చిన్న తరగతుల పిల్లలకు బడి వదలగానే స్నానం చేయించవచ్చు. మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు ఆ వేళకు గోరువెచ్చగానే ఉంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు. తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసుకుంటే కాళ్లు చేతులు పగలవు.

తెల్లవారుజామున వరండాలో కూర్చోబెట్టి చదివించడం ఈ రెండు నెలలు మానాలి. గదిలోనే చదివించి, ఆ తర్వాత కాసేపు ఎండలో ఆడుకోనిస్తే పిల్లలు హుషారుగా ఉంటారు, ఇంటి మీద బెంగా తగ్గుతుంది. దాతలకు ఒక మనవి: దుప్పట్లు కొనేముందు వార్డెన్‌ను అడగండి. అక్కడ దుప్పట్లకన్నా బొంతలో, హీటరు ట్యూబులో ఎక్కువ అవసరమై ఉండొచ్చు.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు,
అనంతపురం